యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా పత్రాలు: కండరం నుంచి నానో మందు దాకా

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) భీమవరంలో పుట్టి, మద్రాసులో చదువుకుని, అమెరికాలో పనిచేసి అక్కడే కన్నుమూసిన జీవరసాయన శాస్త్రవేత్త. ఆయన జీవిత కథ తెలుగులో చాలాసార్లు వచ్చింది కాబట్టి దాన్ని మేము ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. ఆయన పేరుతో అచ్చయిన పరిశోధనా పత్రాలు ఏవి, తరువాతి వాళ్లు వాటిని ఎక్కడ వాడుకున్నారు, ఆయన చేయించిన పనుల్లో వేటి మీద ఆయన పేరు ఉంది, వేటి మీద లేదు అన్నవే ఈ వ్యాసంలోని విషయాలు.

మన ఇళ్లలో మెడిసిన్ గానీ బయోకెమిస్ట్రీ గానీ చదివిన పిల్లలు ఉంటే అడిగి చూడండి. బళ్ళారి, వేలూరు, బరంపురం, ఏ ఊరి కాలేజీ అయినా సరే, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ప్రాక్టికల్‌లో ‘ఫిస్క్–సుబ్బారావు పద్ధతి’ అన్న మాట వినే ఉంటారు. ఆ రెండో పేరు మన భీమవరం మనిషిదని చాలామందికి తెలియదు. ఇంగ్లీషులో ఆ పేరు చివర ‘రావు’కు మనం మామూలుగా రాసే అక్షరాలు కాక వేరేవి ఉండటంతో అది మన పేరులా కనిపించదు కూడా.

1925 పత్రం

ఒక పత్రాన్ని తరువాతి పత్రం తన ఆధారాల్లో చూపిస్తే దాన్ని సైటేషన్ అంటారు. ఎన్ని పత్రాలు చూపిస్తే అన్ని సైటేషన్లు. ఈ లెక్కలు ఒక పద్ధతిగా కట్టడం 1960లలో యూజీన్ గార్‌ఫీల్డ్ ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ తెచ్చాక మొదలైంది. సుబ్బారావు బతికుండగా ఇలాంటి అంకె ఏదీ లేదు. ఇప్పుడు పరిశోధకుల బయోడేటాల్లో కనబడే హెచ్-ఇండెక్స్‌ను జార్జ్ హిర్ష్ ప్రతిపాదించింది 2005లో. కాబట్టి ఆయనకు మనం ఇప్పుడు ఏ అంకె కట్టినా అది వెనక్కి వెళ్లి కట్టిందే.

అలా కడితే మిగతా వాటిని వెనక్కి నెట్టి ముందు నిలిచేది ఒక్క పత్రం. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ‘జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటిలో ప్రచురించిన 26 పేజీల వ్యాసం. విషయం, రంగును బట్టి ఫాస్ఫరస్‌ను కొలవడం. దీనికి వచ్చిన సైటేషన్లు పది వేలు దాటాయి. వందేళ్లు నిండిన పత్రాన్ని ఇప్పటికీ ఎవరో ఒకరు చూపిస్తూనే ఉన్నారు.

పద్ధతి చెప్పడానికి కష్టమేమీ కాదు. ఆమ్లం కలిపిన ద్రావణంలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి ఒక సమ్మేళనం అవుతుంది. దానికి అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేరిస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే నీలం అంత ముదురు. ఆ రంగును తెలిసిన నమూనా రంగుతో పోల్చి చూస్తే ఎంత ఫాస్ఫరస్ ఉందో తేలుతుంది. అంతకుముందు బెల్–డాయిసీ, బ్రిగ్స్ పద్ధతులు ఉన్నా, వాటికన్నా ఇది త్వరగా, నమ్మకంగా పనిచేసింది. ప్రయోగశాల నుంచి ప్రయోగశాలకు అలా పాకిపోయింది.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ప్రపంచంలో ఎక్కువ సైటేషన్లు వచ్చిన పత్రాల్లో చాలా భాగం గొప్ప సిద్ధాంతాలవి కావు, కొలత పద్ధతులవి. ‘నేచర్’ పత్రిక 2014లో లెక్క తీస్తే మొదటి స్థానంలో నిలిచింది 1951 నాటి లౌరీ పత్రం, ప్రొటీను కొలిచే పద్ధతి. దానికి అప్పటికే మూడు లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నాయి. తరాజు ప్రతి అంగట్లోనూ ఉంటుంది కాబట్టి తరాజు చేసినవాడి పేరు ఎక్కువసార్లు వినబడుతుంది. సుబ్బారావు అసలు కనిపెట్టినవి మాత్రం ఆ తరాజుతో తూచిన తరువాత బయటపడ్డవి.

కండరంలో దొరికింది

ఈ పద్ధతితో కండరంలోని ఫాస్ఫేటును కొలుస్తుంటే ఫిస్క్‌కు, సుబ్బారావుకు ఒక వింత కనిపించింది. నీలం రంగు వెంటనే రావలసినంత రాకుండా, నిలిపి ఉంచిన కొద్దీ పెరుగుతూ వచ్చింది. మామూలుగా ఎవరైనా పద్ధతిలో లోపమని వదిలేసేవారు. వీళ్లు వదల్లేదు. తేలిగ్గా విడిపోయే ఫాస్ఫేటు సమ్మేళనం ఏదో అందులో ఉండి, కొలుస్తుండగానే విడిపోతోందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927 ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రికలో రెండు మూడు పేజీల్లో ఆ మాట ప్రకటించారు. 1929లో ‘జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీ’లో యాభై పేజీల పెద్ద పత్రం వేశారు. ఇంగ్లండ్‌లో ఫిలిప్ ఎగిల్‌టన్, గ్రేస్ ఎగిల్‌టన్ దంపతులు కూడా 1927లోనే ఇదే పదార్థాన్ని వేరే దారిలో పట్టుకుని ‘ఫాస్ఫాజెన్’ అన్నారు. అది క్రియాటిన్‌తో కలిసిన ఫాస్ఫేటు అని తేల్చి చెప్పింది మాత్రం బోస్టన్ జంట.

ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే అప్పటి నమ్మకం తెలియాలి. కండరం పనిచేయడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అనుకునేవారు. కండరం మీద చేసిన పనికే ఏ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్ 1922 నోబెల్ బహుమతి అందుకున్నారు. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక, 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా ఆపేసినా కండరం ముడుచుకుంటుందని చూపించాడు. హిల్ స్వయంగా 1932లో రాసిన సమీక్షా వ్యాసానికి ‘కండర శాస్త్రంలో విప్లవం’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. తన సిద్ధాంతాన్ని తానే దించి పక్కన పెట్టిన పెద్దమనిషితనం అది.

1929లోనే ఫిస్క్, సుబ్బారావు ‘సైన్స్’లో ఏటీపీ గురించి కూడా రాశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది కొన్ని నెలల ముందు దాన్ని ప్రకటించాడు. కాబట్టి ‘ఏటీపీని ఒక్క సుబ్బారావే కనిపెట్టారు’ అని వాట్సాప్‌లో వచ్చే మాట సరి కాదు. ఇద్దరూ విడివిడిగా చేరుకున్నారనడం న్యాయం.

వ్యాయామ శాస్త్రంలో ఆయన జాడ

పరుగు పందెంలో మొదటి కొన్ని సెకన్లు కాలికి బలం ఇచ్చేది ఫాస్ఫోక్రియాటిన్. కండరంలో ఏటీపీ నిలవ బాగా తక్కువ, గట్టిగా వాడితే రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. దానికి మూడు నాలుగు రెట్లు ఉండే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఇచ్చి ఏటీపీని మళ్లీ మళ్లీ నింపుతుంది. వంద మీటర్ల పరుగు, బరువులెత్తడం, కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఒక్క ఊపున గీత మీద పడటం, అన్నీ దీని మీదే ఆధారపడతాయి. ఆగి ఊపిరి తీసుకున్నప్పుడు ఆ నిలవ తిరిగి నిండుతుంది.

ఇది చాలాకాలం కప్ప కండరాల్లో, పిల్లి కండరాల్లో చూసిన విషయమే. మనుషుల్లో కొలిచింది స్వీడన్‌లో. యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్ సూదితో కండరం ముక్క తీసి, సైకిలు తొక్కేవాళ్లలో ఫాస్ఫోక్రియాటిన్ ఎలా తరుగుతుందో, ఎలా తిరిగి వస్తుందో 1967లో చూపించారు. ఆ హుల్ట్‌మనే, రోజర్ హారిస్, కారిన్ సోడర్‌లుండ్‌తో కలిసి 1992లో ‘క్లినికల్ సైన్స్’లో ఒక పత్రం వేశాడు. రోజుకు ఇరవై గ్రాములు, అంతకు కొంచెం పైన క్రియాటిన్ కొన్నాళ్లు నోటి ద్వారా ఇస్తే కండరంలో దాని నిలవ పెరుగుతుందన్నది అందులోని సారం. ఇవాళ జిమ్‌ల పక్కన అంగళ్లలో డబ్బాలు డబ్బాలుగా అమ్ముడుపోయే క్రియాటిన్ పొడి వ్యాపారానికి మూలం ఆ పత్రమే.

ఆ పొడి ఇంట్లో కుర్రాళ్లు వాడుతుంటే తెలుసుకోదగ్గవి రెండున్నాయి. క్రియాటిన్ మాంసం, చేపల్లో దొరుకుతుంది, మన ఒంట్లోనూ తయారవుతుంది. శాకాహారుల కండరాల్లో నిలవ కొంత తక్కువగా ఉంటుంది కాబట్టి వాళ్లకు పొడి ప్రభావం ఎక్కువగా కనబడవచ్చు. రెండోది, క్రియాటిన్ వాడేవారికి రక్త పరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువ చూపించవచ్చు. అది చూసి కిడ్నీ పోయిందని బెంబేలెత్తనక్కర్లేదు గానీ, పొడి వాడుతున్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

మళ్లీ లెక్కలకు వద్దాం. క్రియాటిన్ మీద వచ్చే కొత్త పత్రాలు 1992 పత్రాన్ని చూపిస్తాయి. 1927 నాటి పత్రాన్ని చూపించేవి అరుదు. ఫాస్ఫోక్రియాటిన్ పాఠ్యపుస్తకంలోకి వెళ్లిపోయింది, ఇక ఎవరు కనిపెట్టారని అడిగేవాళ్లు ఉండరు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ దీన్ని ఎప్పుడో గమనించాడు: ఒక విషయం అందరి సొత్తు అయ్యేకొద్దీ చెప్పినవాడి పేరు చెరిగిపోతుంది. సుబ్బారావు విషయంలో కొలత పద్ధతికి వేల సైటేషన్లు, ఆ పద్ధతితో పట్టుకున్న అసలు విషయానికి అందులో చిన్న భాగం. అంకెల్నే నమ్మితే ఆయన్ని తరాజు చేసినవాడిగానే గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది.

నానోటెక్నాలజీలో

1948లో పోయిన మనిషికి నానోటెక్నాలజీతో ఏం సంబంధం అనిపించవచ్చు. రెండు దారుల్లో ఉంది.

మొదటిది ఆ నీలం రంగే. కొవ్వు పొరతో చేసిన సూక్ష్మమైన బుడగల్లో మందు నింపి పంపడం నానో వైద్యంలో అన్నిటికన్నా పాత పద్ధతి. వాటిని లిపోసోమ్‌లంటారు. వంద నానోమీటర్ల లోపు ఉండే అలాంటి బుడగల్లో క్యాన్సర్ మందు పెట్టిన ‘డాక్సిల్’కు అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. ఈ బుడగల పొర ఫాస్ఫోలిపిడ్‌లతో తయారవుతుంది, అంటే అందులో ఫాస్ఫరస్ ఉంటుంది. పొర ఎంత ఉందో కొలవడానికి ప్రయోగశాలలు ఎక్కువగా వాడేది 1959లో బార్ట్‌లెట్ ప్రచురించిన పద్ధతి. అది ఫిస్క్–సుబ్బారావు పద్ధతికి చేసిన మార్పే, అందులో వాడే ద్రావణాన్ని ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. అయితే నానో పత్రాలు చూపించేది బార్ట్‌లెట్‌ను. సైటేషన్ లెక్క ఒక మెట్టు కిందికే దిగుతుంది, ఆ మెట్టు కింద ఎవరున్నారో చూడదు.

రెండో దారి లెడర్లీ కంపెనీ ప్రయోగశాల. హార్వర్డ్‌లో 1930లో పీహెచ్‌డీ పొందినా అక్కడ శాశ్వత ఉద్యోగం దొరక్క, సుబ్బారావు 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీకి వెళ్లారు. ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని తేల్చి, దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ అనే జబ్బుతో సొంత సోదరుల్ని పోగొట్టుకున్న మనిషికి ఇది ఉత్త రసాయనం కాదు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం పనిచేసింది. మన ఇళ్లలో గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఇవాళ ఉండేదీ అదే. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థాలు అదే ప్రయోగశాలలో తయారయ్యాయి: ముందు అమినోప్టెరిన్, తరువాత మెథోట్రెక్సేట్.

ఇవి నానో వైద్యంలోకి ఎలా చేరాయంటే, చాలా రకాల క్యాన్సర్ కణాల పైన ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాలు మామూలు కణాల కన్నా ఎక్కువగా ఉంటాయి. మందుకు ఫోలిక్ ఆమ్లం తగిలిస్తే కణం దాన్ని ఆహారం అనుకుని లోపలికి లాక్కుంటుంది. గాలానికి ఎర గుచ్చినట్టు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ లో, క్రిస్టఫర్ లీమన్ 1991లో ఈ దారి చూపించారు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బేకర్ బృందం 2005లో ‘క్యాన్సర్ రీసెర్చ్’లో వేసిన పత్రం ఇంకా ఆసక్తికరం. డెండ్రిమర్ అనే చాలా చిన్న నానో కణానికి ఎరగా ఫోలిక్ ఆమ్లాన్ని, మందుగా మెథోట్రెక్సేట్‌ను తగిలించి ఎలుకల్లో కణితుల మీద ప్రయోగించారు. విడి మందు కన్నా అది బాగా పనిచేసింది. ఎరా, మందూ రెండూ లెడర్లీలో సుబ్బారావు కింద నడిచిన పని నుంచి వచ్చినవే.

ఆయన పేరు లేని పత్రాలు

ఇక్కడ లెక్క పూర్తిగా తప్పిపోతుంది. ఫోలిక్ ఆమ్లం మీద ‘సైన్స్’లో వచ్చిన పత్రాల్లో పెద్ద జాబితాలో ఒకడిగా ఆయన పేరు ఉంది. అమినోప్టెరిన్ తయారీని 1947లో ప్రకటించిన పత్రం సీగర్, స్మిత్, హుల్ట్‌క్విస్ట్ పేర్లతో వచ్చింది. మెథోట్రెక్సేట్‌ది 1949లో సీగర్, కోసులిచ్, స్మిత్, హుల్ట్‌క్విస్ట్ పేర్లతో. రెండింట్లోనూ సుబ్బారావు పేరు లేదు. అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలం అదుపు చేయవచ్చని 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ చూపించాడు. క్యాన్సర్‌కు మందులతో చేసే చికిత్సకు అది పునాది. ఆ పత్ర రచయితల్లోనూ ఆయన లేరు. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను 1948లో ప్రకటించిన పత్రం బెంజమిన్ డగ్గర్ ఒక్కడి పేరుతో ఉంది.

దీన్ని కుట్ర అనడం మాకు ఇష్టం లేదు. బెంచీ దగ్గర నిలబడి పనిచేసినవాళ్ల పేర్లు వేయడం తప్పు కాదు, డగ్గర్ ఆ సూక్ష్మజీవిని మట్టిలోంచి పట్టుకున్న మాటా నిజం. ‘టెట్రాసైక్లిన్‌లన్నీ సుబ్బారావే కనిపెట్టారు’ అని చెప్పుకుంటే డగ్గర్‌కు అన్యాయం చేసినట్టే. ఆ పరిశోధనకు దారి చూపి, మనుషుల్ని పోగుచేసి నడిపించిన డైరెక్టరు అనడమే సరైన మాట, అది చిన్న మాట కూడా కాదు. హార్వర్డ్ రోజుల కథ వేరు. అప్పట్లో అక్కడే చదువుకుని, తరువాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక సాక్ష్యం చెప్పాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఇతరులు ఏళ్ల తరువాత మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందని, ఫిస్క్ అసూయ వల్లే అవి అప్పుడు వెలుగులోకి రాలేదనిపిస్తుందని. అచ్చు కాని పనికి సైటేషన్ ఉండదు.

ఫైలేరియా మందు డైఇథైల్‌కార్బమజీన్ విషయంలో మాత్రం ఆయన పేరు నిలిచింది. 1947లో హెవిట్, మరికొందరితో కలిసి వేసిన పత్రంలో చివరి పేరు ఆయనదే. హెట్రజాన్ పేరుతో అమ్మిన ఆ మందు ఒడిశా తీరంలోనూ గోదావరి జిల్లాల్లోనూ యానాం వైపూ బోదకాలు మాత్రగా ఊరూరా తిరిగి మింగించినదే. దాని పొట్లం మీద పేరు ఏమీ ఉండదు.

పేరుతో వెతికేటప్పుడు

ఇంటిపేరు యల్లాప్రగడ, పెట్టిన పేరు సుబ్బారావు. అమెరికా పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరు కాబట్టి సూచికలు ఆయన్ని ‘సుబ్బారావు, వై.’గా ఎక్కించాయి. అక్కడా ఒక్క రూపం లేదు. 1925 పత్రంలోని పేరును కొందరు ఒకే మాటగా రాస్తారు, కొందరు ‘సుబ్బా’, ‘రో’ అని విడదీస్తారు, కొందరు మధ్య అక్షరాన్ని పెద్దదిగా వేస్తారు. ఒక్క మనిషి మూడు నాలుగు పేర్లుగా చీలిపోతాడు. మొత్తం చూడాలంటే అన్ని రూపాల్లోనూ వెతికి కలుపుకోవాలి. ‘జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీ’ పాత సంపుటాలు ఆ పత్రిక సొంత సైట్‌లో డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు, 1925 పత్రం కూడా.

ఈ చిక్కు మనకు కొత్త కాదు. తమిళనాడులో స్థిరపడిన మన కుటుంబాల్లో ఇంటిపేరు పోయి తండ్రి పేరు మొదటి అక్షరంగా మారింది, మహారాష్ట్రలో ఇంటిపేరు చివరికి జరిగింది, కర్ణాటకలో ఊరి పేరు కూడా ముందు చేరుతుంది. బడి సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, మొదటి పేపరులో ఇంకొకటి. ఇక రావు, రెడ్డి, నాయుడు అని ముగిసే పేర్లయితే వేరే శాఖలోని వేరే మనిషి పత్రాలు మన పిల్లవాడి ఖాతాలో పడతాయి. ఒకే పేరు కింద వ్యాయామ శాస్త్రం, నానోటెక్నాలజీ రెండూ కనబడితే అది సుబ్బారావు లాంటి మనిషైనా కావచ్చు, ఇద్దరు మనుషులు కలిసిపోయిందైనా కావచ్చు. పీహెచ్‌డీకి గైడును వెతుక్కునే పిల్లలు అంకె చూసి సంతోషపడే ముందు, ఆ పత్రాల్లో ప్రతిదానిమీదా అదే కాలేజీ పేరు ఉందో లేదో చూసుకోవాలి. సొంత పత్రాలు మొదలుపెట్టేవాళ్లు ఓర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్యను మొదటి పేపరుకు ముందే తీసుకోవడం మంచిది. 2012లో మొదలైన ఈ ఏర్పాటు ఉచితం. పేరు ఎన్ని రకాలుగా రాసినా సంఖ్య ఒకటే ఉంటుంది.

సుబ్బారావుకు ఉత్తరోత్తరా ఇంకో పేరు నమోదు వచ్చింది. 1953లో ఒక శిలీంధ్ర జాతికి క్లిఫర్డ్ హెసెల్టైన్ ‘సుబ్బారోమైసిస్’ అని నామకరణం చేశాడు. శతజయంతి ఏడాది 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. సైటేషన్ సూచికలు ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోవు.